నెలతక్కువ బిడ్డను ఛాతీ మీద వేసుకోవడం: తల్లి ఒక ఆసుపత్రిలో, బిడ్డ మరో ఆసుపత్రిలో, తండ్రి దుబాయ్‌లో ఉంటే ఎవరు?

ఖాజీపేట_మేనమామ

అందరికీ నమస్కారం. మా చెల్లెలికి ఎనిమిదో నెల మొదట్లోనే ఉమ్మనీరు పోయింది. హన్మకొండలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. 31 వారాలు, 1,380 గ్రాములు. అక్కడ పసిపిల్లల ఐసీయూ లేదు కాబట్టి బిడ్డను వెంటనే అంబులెన్సులో పిల్లల ఆసుపత్రికి తరలించారు. ఇప్పుడు తల్లి ఒక చోట, బిడ్డ ఒక చోట. చెల్లెలు తన బిడ్డను ఫోనులో ఫొటోగా తప్ప ఇంకా చూడలేదు.

బిడ్డకు మొదట సీపాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) పెట్టారు. ఇప్పుడు అది తీసేసి ముక్కు దగ్గర సన్నటి ఆక్సిజన్ గొట్టం మాత్రం ఉంచారు. పాలు కూడా గొట్టంతోనే. ఈ రోజు అక్కడి సిస్టర్ నన్ను పిలిచి, "బిడ్డ నిలకడగా ఉంది, ఛాతీ మీద వేసుకోవడానికి తల్లి ఎప్పుడు వస్తుంది?" అని అడిగారు. చెల్లెలికి లేచి నాలుగు అడుగులు వేయడమే కష్టంగా ఉంది. బావ దుబాయ్‌లో ఉన్నాడు, కంపెనీ ఇంకా సెలవు ఇవ్వలేదు. మా అమ్మేమో "అంత చిన్న ప్రాణాన్ని పెట్టెలోంచి బయటికి తీయడమేమిటి" అని వణికిపోతోంది.

నా ప్రశ్నలు రెండే. బయటికి తీస్తే ప్రమాదం లేదా? తల్లి వచ్చేదాకా ఆగాలా, లేక మా అమ్మగానీ మేనమామనైన నేనుగానీ వేసుకోవచ్చా?

ఎస్ఎన్‌సీయూ_సిస్టర్ (నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగం, కరీంనగర్ జిల్లా)

అన్నా, రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. వేసుకోవచ్చు. తల్లి ఉంటే తల్లే మొదటి మనిషి, పాలు కూడా ఆమె దగ్గరే ఉన్నాయి కదా. ఆమె రాలేనప్పుడు తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని, మేనమామ, ఆరోగ్యంగా ఉండి ఓపికగా కూర్చోగలిగిన ఇంటి మనిషి ఎవరైనా సరే. మగవాళ్ల ఛాతీ కూడా బిడ్డను వెచ్చగానే ఉంచుతుంది. మా వార్డులో తాతయ్యలు కూడా కూర్చున్నారు.

రేపు వెళ్లేముందు ఇవి చూసుకోండి. తలారా స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకోండి. గోళ్లు కత్తిరించుకోండి. గొలుసు, ఉంగరం, వాచీ ఇంట్లోనే పెట్టేయండి. సెంటు, పౌడర్ వద్దు. ముందువైపు బొత్తాలున్న వదులు చొక్కా వేసుకోండి, బనియన్ లేకుండా. లోపలికి వెళ్లాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. జలుబు, దగ్గు, జ్వరం, ఒంటి మీద పుండ్లు, గజ్జి ఉంటే ఆ మనిషి ఆగిపోవాలి, ఇంకొకరు కూర్చోవాలి.

బిడ్డకు టోపీ, సాక్సులు, డైపర్ తప్ప ఇంకేమీ ఉండవు. సిస్టరే గొట్టాలు చూసుకుంటూ మీ ఛాతీ మధ్యలో నిలువుగా ఉంచుతుంది. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొద్దిగా పైకి. ఇది చాలా ముఖ్యం. మెడ ముందుకు వంగిపోతే ఊపిరి దారి మూసుకుపోతుంది, మరీ వెనక్కి వాలినా అంతే. చేతులు, కాళ్లు ముడుచుకుని ఉండాలి, తొడలు ఎడంగా ఉండాలి. తర్వాత బిడ్డ చెవి కింద నుంచి పిరుదుల కింద దాకా మెత్తటి గుడ్డతో ఇద్దరినీ కలిపి కడతారు. దానికి ప్రత్యేకంగా ఏదీ కొనక్కరలేదు, శుభ్రంగా ఉతికిన పాత నూలు చీర చాలు. మీరు వెనక్కి కొంచెం వాలి కూర్చోవాలి. పూర్తిగా వెల్లకిలా పడుకోకూడదు.

ఒకసారి కూర్చుంటే కనీసం గంట. పది నిమిషాలకే తీసేస్తే తీయడం, పెట్టడం అనే శ్రమ తప్ప బిడ్డకు దక్కేదేమీ ఉండదు. అందుకని ముందే తినేసి, బాత్రూముకు వెళ్లొచ్చి కూర్చోండి. ఫోను ఎవరికైనా ఇచ్చేయండి.

నర్సంపేట_అమ్మమ్మ

నేను చెప్తుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. బాబూ, మీ అమ్మగారి భయం నాకు తెలుసు. నేనూ అట్లాగే భయపడ్డాను. మా కాలంలో నెలతక్కువ బిడ్డ పుడితే దూదిలో చుట్టి, గదిలో కుంపటి పెట్టి, తలుపులు మూసేసేవాళ్లం. పొగకు తల్లీ బిడ్డా ఉక్కిరిబిక్కిరి అయ్యేవాళ్లు. ఎందరో దక్కలేదు.

నా కూతురికి నెలతక్కువ కాన్పు అయినప్పుడు ఆసుపత్రిలో నన్నే కూర్చోబెట్టారు. మనవడు నా రొమ్ము మీద పడుకోగానే వాడి కాళ్లు వెచ్చబడటం నా చేతికి తెలిసింది. కోడి తన పిల్లలను రెక్కల కిందికి తీసుకోవడం చూసినవాళ్లమే కదా మనం, ఆ బుద్ధి మనకు ఎందుకు పోయిందో!

ఇంకొక మాట. పది రోజులు పురుటి మైల, ముట్టుకోకూడదు అని ఎవరైనా అంటే వినకండి. మైల ఇంటి దగ్గర చూసుకోవచ్చు. బిడ్డకు ఆ పది రోజులే ప్రాణం మీది రోజులు. మీ అమ్మగారిని నాతో మాట్లాడిస్తానంటే నేను సిద్ధం.

పిల్లల_వైద్యుడు (హన్మకొండ)

మొదటి ప్రశ్నకు నేను జవాబు ఇస్తాను. బిడ్డ తనంతట తాను ఊపిరి తీసుకుంటూ, రక్తప్రసరణ బాగుంటే బయటికి తీయడం ప్రమాదం కాదు. సన్నటి ఆక్సిజన్ గొట్టం, సెలైన్, పాలగొట్టం ఉన్నా ఫరవాలేదు. సీపాప్ మీద ఉన్న బిడ్డను కూడా జాగ్రత్తగా వేస్తారు. వెంటిలేటర్ అవసరమైన బిడ్డ, షాక్‌లో (రక్తప్రసరణ పడిపోయి) ఉన్న బిడ్డ విషయంలో ముందు ఆ చికిత్స చూడాలి.

నెలలు నిండని బిడ్డ చర్మం చాలా పలచన. బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ, చర్మం కింద కొవ్వు తక్కువ. వేడి చకచకా పోతుంది. ఒంటి వేడి 36.5 డిగ్రీల కంటే తగ్గితే ఆ వేడిని తిరిగి పుట్టించడానికి బిడ్డ తన దగ్గరున్న కాస్త చక్కెరను, ఆక్సిజన్‌ను ఖర్చు పెడుతుంది. తాగిన పాలు బరువుగా మారాల్సింది పోయి చలితో పోరాటానికే సరిపోతాయి. తల్లి ఛాతీ మీద ఉన్నప్పుడు ఆ ఖర్చు తగ్గుతుంది. ఊపిరి, గుండె వేగం కుదుటపడతాయి. తల్లికి పాలు పెరుగుతాయి. తల్లి ఒంటి మీది మామూలు క్రిములు బిడ్డ చర్మం మీద చేరి, ఐసీయూలో తిరిగే మొండి క్రిములకు చోటు తగ్గిస్తాయి.

ఇది ఎక్కడ మొదలైందో చెప్తే మీ అమ్మగారికి ధైర్యం రావచ్చు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో, పేదలు వచ్చే ఒక పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో. ఇంక్యుబేటర్లు (బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టెలు) చాలక ఒక్కో దాంట్లో ఒకరికంటే ఎక్కువ మందిని పెట్టేవారు. ఒకరి ఇన్ఫెక్షన్ ఇంకొకరికి అంటి పిల్లలు చనిపోయేవారు. డాక్టర్ ఎడ్గార్ రే పిల్లలను తల్లుల ఛాతీ మీద కట్టించడం మొదలుపెట్టారు, మరుసటి ఏడాది డాక్టర్ హెక్టర్ మార్టినెజ్ ఆయనతో కలిశారు. కంగారూ మదర్ కేర్ (కేఎంసీ) అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. దిక్కులేక మొదలుపెట్టిన పద్ధతి, యంత్రాలన్నీ ఉన్న దేశాలు కూడా ఇప్పుడు పాటిస్తున్నాయి.

లెక్కల_మాస్టారు (జనగామ)

డాక్టర్ గారు, కథ బాగుంది. కానీ యంత్రాలు లేని చోట ఇది పనికొచ్చిందంటే యంత్రాలున్న చోట కూడా పనికొస్తుందని రుజువు ఏమిటి? నిలకడ పడిన బిడ్డ ఎలాగూ బతికే బిడ్డే కదా. అలాంటివారినే ఎంచుకుని ఛాతీ మీద వేస్తే ఫలితం మంచిగానే కనిపిస్తుంది. నేను వాదించడానికి అడగడం లేదు. మా తమ్ముడి భార్యకు ఇది ఆరో నెల, డాక్టర్లు ముందే పుట్టవచ్చంటున్నారు.

పిల్లల_వైద్యుడు

మాస్టారూ, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. చాలా ఏళ్లు పరిశోధనలన్నీ నిలకడ పడిన పిల్లల మీదే జరిగాయి. కానీ నెలతక్కువ పిల్లల మరణాలు ఎక్కువగా నిలకడ పడకముందే, మొదటి మూడు రోజుల్లోనే జరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే పరీక్షకు పెట్టింది. ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియాతో పాటు మన దేశం కూడా ఉంది. మన దగ్గర ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో చేశారు. 1,000 నుంచి 1,799 గ్రాముల మధ్య పుట్టిన 3,211 మంది పిల్లలు. ఒక వర్గాన్ని పుట్టిన వెంటనే ఛాతీ మీద వేశారు, రెండో వర్గాన్ని ఇంక్యుబేటర్‌లోగానీ వార్మర్ (పైనుంచి వేడినిచ్చే యంత్రం) కిందగానీ ఉంచి నిలకడ పడ్డాక వేశారు. ఎవరు ఏ వర్గమో చీటీ తీసినట్టు నిర్ణయించారు, డాక్టరు ఎంచుకోలేదు. కాబట్టి మీ అనుమానానికి అక్కడ చోటు లేదు.

28 రోజులకు రెండో వర్గంలో 15.7 శాతం మంది చనిపోయారు, మొదటి వర్గంలో 12 శాతం. తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి పర్యవేక్షక సంఘం పరిశోధనను మధ్యలోనే ఆపించింది, రెండో వర్గం పిల్లలకు ఆ అవకాశం లేకుండా చేయడం న్యాయం కాదని. ఫలితాలు 2021లో వచ్చాయి. మొదటి వర్గం పిల్లలు రోజుకు సగటున దాదాపు 17 గంటలు ఛాతీ మీద ఉన్నారు. రెండో వర్గం పిల్లలు ఐసీయూలో ఉన్నంతకాలం రోజుకు గంటన్నర మాత్రమే. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసు మార్చింది. నెలతక్కువ, బరువు తక్కువ పిల్లలందరికీ వీలైనంత త్వరగా, రోజుకు 8 నుంచి 24 గంటలు.

లెక్కల_మాస్టారు

అంటే సుమారు 27 మంది పిల్లలను వెంటనే ఛాతీ మీద వేస్తే అదనంగా ఒక ప్రాణం నిలుస్తుంది. మందు కాదు, యంత్రం కాదు, ఒక కుర్చీ. ఇంత స్పష్టంగా ఉంటే మన దగ్గర తల్లిని ఐసీయూ తలుపు బయట ఎందుకు కూర్చోబెడుతున్నారు?

జమ్మికుంట_నాన్న

నేను అడగాలనుకున్నదీ అదే. మా బాబు ఉన్న చోట సాయంత్రం పది నిమిషాలు అద్దంలోంచి చూడనిచ్చేవారు. నా భార్య పాలు పిండి గిన్నెలో పోసి కిటికీ దగ్గర ఇచ్చి వచ్చేది. ఛాతీ మీద వేసుకుంటామని అడిగితే "ఇన్ఫెక్షన్ వస్తే మీదే బాధ్యత" అన్నారు. ఆ మాటతో నోరు పడిపోయింది. మేము చదువుకున్నవాళ్లమే, అయినా ఎదురు చెప్పలేకపోయాం. బిల్లులో మాత్రం వార్మర్‌కు రోజువారీ అద్దె ఉండేది.

ఎస్ఎన్‌సీయూ_సిస్టర్

తమ్ముడూ, మీ కోపం సరైనదే. మా వైపు నుంచి కూడా కొంచెం వినండి. బిడ్డను తీయాలి, గొట్టాలు సర్దాలి, కట్టాలి, మొదటి కొద్దిసేపు పక్కనే ఉండాలి. రాత్రి డ్యూటీలో ఇద్దరమే ఉన్నప్పుడు, ఒక బిడ్డకు ఊపిరి ఆగుతుంటే, ఇంకో తల్లిని కూర్చోబెట్టడం వెనక్కి పోతుంది. చాలా వార్డులు కట్టినప్పుడే తల్లికి చోటు వదలలేదు. రెండు వార్మర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీ కూడా పట్టదు. కుట్లు పడ్డ ఆడమనిషి ఆ ప్లాస్టిక్ కుర్చీలో గంట కూర్చోవడం ఎంత నరకమో మాకు తెలుసు.

అయినా ఒకటి చూశాను. నేర్చుకున్న తల్లి మా పని తగ్గిస్తుంది. బిడ్డ రంగు మారినా, ఊపిరి తేడా వచ్చినా మాకంటే ముందు ఆమె చూస్తుంది. మిషన్ మోగేలోపే పిలుస్తుంది. అందుకే నేను తల్లులను బయట కూర్చోబెట్టే పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. ఐసీయూలో తల్లి చూడటానికి వచ్చిన బంధువు కాదు. ఆమె చేసేది చికిత్సే. సఫ్దర్‌జంగ్‌లో చేసింది కూడా ఇదే, తల్లి మంచాన్ని ఐసీయూ లోపలే వేశారు, ఆమె బాలింత వైద్యం కూడా అక్కడే చూశారు.

అడిగే పద్ధతి చెప్తాను. "వేసుకోనిస్తారా" అని అడిగితే "చూద్దాం" అంటారు. "మా బిడ్డకు కేఎంసీ ఏ రోజు మొదలుపెడతారు, ఇప్పుడు వద్దంటే కారణం ఏమిటి" అని డాక్టరునే అడగండి, పొద్దున రౌండ్లప్పుడు. కారణం నిజమైనదైతే చెప్తారు.

పరకాల_కవలల_అమ్మ

నాకు ఇద్దరు అబ్బాయిలు, 33 వారాలకు పుట్టారు. ఒకడు 1,600, ఒకడు 1,450 గ్రాములు. నేను ఒకడిని, మా ఆయన ఒకడిని వేసుకునేవాళ్లం. ఒక్కోసారి ఇద్దరినీ నా మీదే వేసేవారు, చెరో పక్క. మా ఆయన మొదట్లో చొక్కా విప్పి అంతమంది ఆడవాళ్ల మధ్య కూర్చోవడానికి చాలా సిగ్గుపడ్డాడు. సిస్టర్ ఒక దుప్పటి కప్పి తెర అడ్డం పెట్టింది. తర్వాత ఆయనే టైము అడిగి మరీ వచ్చేవాడు.

నాకు మొదట్లో పాలు అస్సలు రాలేదు, పది చుక్కలు కూడా. బిడ్డను వేసుకున్నాక అదే కుర్చీలో కూర్చుని పిండితే వచ్చాయి. డబ్బా పాల మాట ఎత్తినవాళ్లకు ఇది గట్టిగా చెప్పండి. ఖాజీపేట అన్నా, మీ చెల్లెలు వేరే ఆసుపత్రిలో ఉన్నా సరే ఇప్పటి నుంచే రెండు మూడు గంటలకోసారి పిండమనండి, రాత్రి కూడా. ముర్రుపాలు రెండు చుక్కలైనా శుభ్రమైన గిన్నెలో పట్టి పంపండి. ఎండాకాలమైతే మంచు పెట్టిన డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి.

జగిత్యాల_గల్ఫ్

షార్జా నుంచి రాస్తున్నాను. మా పాప పుట్టినప్పుడు నేనూ ఇక్కడే ఉన్నాను. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, కోరుట్ల వైపు ఎన్ని ఇళ్లలో ఇదే పరిస్థితో మీకు తెలుసు. ప్రసవానికి భర్త ఉండడు. మీ బావ మనసు ఇప్పుడు ఎలా ఉంటుందో నేను ఊహించగలను.

ఆయనకు ఒక పని చేయండి. మీరో, మీ అమ్మగారో బిడ్డను వేసుకున్నప్పుడు, డాక్టరు ఒప్పుకుంటే ఫోను స్పీకరులో పెట్టి చిన్న గొంతుతో ఆయనను మాట్లాడనివ్వండి. గట్టిగా వద్దు, చిన్న పిల్లలకు మోత పడదు. సెలవు కోసం ఆసుపత్రి నుంచి బిడ్డ బరువు, వారాలు, ఐసీయూలో ఉన్నట్టు ఇంగ్లిషులో లెటర్ రాయించి పంపండి. మా కంపెనీ దానితోనే కదిలింది.

ఆశా_ఏటూరునాగారం

నమస్తే. మా వైపు ఊళ్ల నుంచి వరంగల్ దాదాపు వంద కిలోమీటర్లు. వానాకాలం వాగులు పొంగితే ఇంకా కష్టం. బరువు తక్కువ బిడ్డ దారిలోనే చల్లబడిపోతుంది. అందుకని అంబులెన్సులో కూడా బిడ్డను తల్లి ఛాతీ మీదే కట్టి పంపమని మాకు శిక్షణలో చెప్పారు. తల్లి రాలేకపోతే తోడు వచ్చినవాళ్ల మీద. బట్టల్లో చుట్టి ఒళ్లో పడుకోబెట్టడం కంటే ఇది చాలా మేలు.

ఇంటికి వచ్చాక కూడా ఇది ఆపకూడదు. చాలామంది డిశ్చార్జి అయిన రోజే మానేస్తారు, ఇంటికి వచ్చాం కదా అని. ఆసుపత్రిలో ప్రసవమైతే మేము 42వ రోజు దాకా ఆరు సార్లు ఇంటికి వస్తాం. వచ్చినప్పుడల్లా బిడ్డ పాదాలు ముట్టుకుని చూస్తాను. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి మొదలైనట్టే. అక్కడికక్కడే తల్లి మీద వేయిస్తాను.

ఇంట్లో పెద్దవాళ్లకు దండం పెట్టి చెప్తున్నాను. నెలతక్కువ బిడ్డకు బరువు పుంజుకునేదాకా తలంటు స్నానాలు, సున్నిపిండి రుద్దడం, సాంబ్రాణి పొగ వద్దు.

పిల్లల_వైద్యుడు

ఆశా అక్క చెప్పినదానికి బలమైన ఆధారం ఉంది. హర్యానాలో 8,402 మంది బరువు తక్కువ పిల్లల మీద పరిశోధన చేశారు. 1,500 నుంచి 2,250 గ్రాముల వాళ్లు, ఆసుపత్రిలో కాదు, ఇళ్లలోనే. కార్యకర్తలు ఇంటికి వెళ్లి తల్లులకు నేర్పించారు. నేర్పిన ఇళ్లలో మొదటి 28 రోజుల మరణాలు 30 శాతం తగ్గాయి. 2019లో ప్రచురించారు. అంటే ఇది ఏటూరునాగారంలో పూరింట్లో కూడా పనిచేసే వైద్యం.

శివనగర్_వదిన

విషయం పక్కకు పోతోందని అనుకోకండి, కానీ ఇది చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోనే అన్నిటికంటే ఎక్కువ. అంటే మన దగ్గర ఐసీయూ బిడ్డల తల్లుల్లో ఎక్కువ మంది కుట్లతో మంచం మీద ఉన్నవాళ్లే. "తల్లి కోలుకున్నాక చూద్దాం" అన్న మాట సగం ఇళ్లకు పైగా వర్తిస్తుంది. ముహూర్తం చూసుకుని రెండు మూడు వారాలు ముందే కోయించుకునేవాళ్లకు కూడా చెప్తున్నాను, ఊపిరి సరిగా ఆడక ఆ బిడ్డలూ ఐసీయూకే వెళ్తున్నారు. అవసరం లేని చోట తొందరపడకండి.

నిర్వాహకులు

ముహూర్తాల చర్చకు వేరే శీర్షిక తెరిచాం, దయచేసి అక్కడ రాయండి. ఇక్కడ ఆసుపత్రుల పేర్లు రాసిన రెండు పోస్టులు తొలగించాం. ఈ వేదికలోని సలహా మీ బిడ్డను చూస్తున్న డాక్టరు మాటకు బదులు కాదు.

ఖాజీపేట_మేనమామ

అందరికీ కృతజ్ఞతలు. రౌండ్లప్పుడు సిస్టర్ గారు చెప్పినట్టే అడిగాను. డాక్టరు వెంటనే సరే అన్నారు. నేనే కూర్చున్నాను. మొదట మేనకోడలు కదిలితే ఏమవుతుందో అని నా చేతులు బిగుసుకుపోయాయి. సిస్టర్ నా భుజం మీద చేయి వేసి "గట్టిగా ఊపిరి తీసుకోండి, బిడ్డ కూడా తీసుకుంటుంది" అన్నారు. తర్వాత మానిటర్ మీద ఆక్సిజన్ అంకె 91, 92 దగ్గర నుంచి 95కు వచ్చి అక్కడే నిలిచింది. బిడ్డ నిద్రపోయింది. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది, మరునాడు తనే స్నానం చేసి తయారై వచ్చింది. నర్సంపేట అమ్మమ్మ గారికి ప్రత్యేకంగా దండాలు.

చెల్లెలిని డిశ్చార్జి చేయించి చక్రాల కుర్చీలో తీసుకెళ్తున్నాం. ఒక సందేహం. ఎండలు ముదురుతున్నాయి. 44, 45 డిగ్రీల్లో, కరెంటు పోతే, ఇంట్లో బిడ్డను ఒంటికి కట్టుకుంటే వేడి ఎక్కువైపోదా?

ఎస్ఎన్‌సీయూ_సిస్టర్

మంచి ప్రశ్న. వేసవిలో చలి ఎంత ప్రమాదమో అతి వేడీ అంతే. చంకలో థర్మామీటరు పెడితే 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. ఇల్లు వేడిగా ఉంటే టోపీ, సాక్సులు తీసేయండి, మీద పలచటి నూలు గుడ్డ చాలు. చల్లగా ఉండే గదిలో కూర్చోండి. రేకుల ఇల్లయితే మధ్యాహ్నం చెట్టు నీడనో, పక్కింటి స్లాబు గదిలోనో. ఫ్యాను ఉండవచ్చు, కూలరు గాలి, ఏసీ గాలి నేరుగా బిడ్డకు తగలకూడదు. తల్లి నీళ్లు, మజ్జిగ బాగా తాగాలి. బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టకూడదు. బిడ్డ ఒళ్లు కాలిపోతున్నట్టున్నా, మూత్రం తగ్గినా, పాలు తాగడం మందగించినా ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు, తీసుకువెళ్లండి.

భూపాలపల్లి_అమ్మ

ఇంతకాలం చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మా బాబు 26 వారాలకు పుట్టాడు. దక్కలేదు. ఊపిరితిత్తులు ఎదగలేదు, వెంటిలేటర్ మీదే ఉన్నాడు. ఇక చేయగలిగింది లేదని చెప్పాక డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి వాడిని నా మీద వేసింది. అంతకుముందు వాడిని ముట్టుకోనే లేదు. ఆ మధ్యాహ్నం లేకపోతే నాకు బిడ్డ పుట్టాడన్న సంగతి కూడా నాకే నమ్మకంగా ఉండేది కాదు.

అందరినీ ఒకటి కోరుతున్నాను. ఛాతీ మీద వేసుకుంటే తప్పకుండా బతుకుతారు అని ఎవరికీ చెప్పకండి. బతకని బిడ్డల తల్లులు నేను తక్కువసేపు వేసుకున్నానా, ఆలస్యం చేశానా అని ఏళ్ల తరబడి కుమిలిపోతారు. అవకాశం పెరుగుతుందని చెప్పండి. అది నిజం, అది చాలు. ఆసుపత్రుల వాళ్లు ఎవరైనా చదువుతుంటే, బిడ్డ పోతుందని తెలిసినప్పుడు కూడా తల్లిని పిలవండి.

పిల్లల_వైద్యుడు

అమ్మా, మీరు రాసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వందలో 12 మంది చనిపోయింది ఛాతీ మీద వేసుకున్న వర్గంలోనే, అంత శ్రద్ధగా చూసినా. ఆ తల్లుల తప్పు అందులో ఏమీ లేదు. మీరు కోరిన మాట మా వార్డులో అందరికీ చదివి వినిపిస్తాను.

లెక్కల_మాస్టారు

నేనూ 27 అని లెక్క రాశాను. ఆ లెక్కలో మిగిలినవారి ఇళ్లు కూడా ఉంటాయి. ఈ పోస్టు చదివాక మా తమ్ముడితో ఎలా మాట్లాడాలో తెలిసింది. ధన్యవాదాలమ్మా.

పరకాల_కవలల_అమ్మ

ఖాజీపేట అన్నా, చెల్లెలు వేసుకుందా? ఎప్పటిదాకా వేసుకోవాలని అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను. మావాళ్లు రెండున్నర కిలోలకు దగ్గరపడ్డాక వాళ్లే కాళ్లతో తన్ని, గింజుకుని, ఇక వద్దన్నారు. అప్పటిదాకా వంతులు వేసుకున్నాం.

ఖాజీపేట_మేనమామ

వేసుకుంది. ఇప్పుడు పగలు చెల్లెలు, రాత్రి కొంతసేపు అమ్మ. బావకు సెలవు దొరికింది, జగిత్యాల అన్న చెప్పిన లెటర్‌తోనే. పాలు ఇప్పుడు ఉగ్గుగిన్నెతో పడుతున్నారు. వారంలో ఇంటికి పంపవచ్చన్నారు. ఇంటికి వెళ్లాక మరచిపోకూడని పరీక్షలేమైనా ఉన్నాయా డాక్టర్ గారు?

పిల్లల_వైద్యుడు

కంటి పరీక్ష. 2,000 గ్రాముల కంటే తక్కువ బరువుతో గానీ 34 వారాల కంటే ముందు గానీ పుట్టిన బిడ్డకు రెటీనా (కంటి వెనుక పొర) పరీక్ష పుట్టిన 30 రోజుల్లోపు తప్పకుండా జరగాలి. కన్ను పైకి మామూలుగానే కనిపిస్తుంది, బిడ్డ ఛాతీ మీద హాయిగా పెరుగుతూ ఉంటుంది, లోపల రెటీనా రక్తనాళాలు దెబ్బతింటూ ఉండవచ్చు. సమయానికి చూస్తే లేజరుతో ఆపవచ్చు, ఆలస్యమైతే చూపు పోతుంది. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ రాయించుకోకుండా బయటికి రాకండి. ఒకవేళ 30వ రోజు నాటికి బిడ్డ ఇంకా ఆసుపత్రిలోనే ఉంటే అక్కడే కంటి డాక్టరును పిలిపించమని అడగండి. తర్వాత వినికిడి పరీక్ష, వారానికోసారి బరువు, ఐరన్ చుక్కలు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్తారు. టీకాలు పుట్టిన తేదీ ప్రకారమే, నెలలు నిండలేదని ఆపకూడదు.

ఎస్ఎన్‌సీయూ_సిస్టర్

డిశ్చార్జి రోజు మీ అమ్మగారిని, బావగారు వస్తే ఆయన్ను కూడా వార్డుకు తీసుకెళ్లి, సిస్టర్ చూస్తుండగా మీ అంతట మీరే ఒకసారి కట్టి చూపించండి. మెడ ఉన్న తీరు ఆమె సరిచూస్తుంది. ఆసుపత్రి ఫోను నంబరు, రాత్రి ఎవరికి చేయాలో కూడా అదే కాగితం మీద రాయించుకోండి.